స్వాధీనంలో ఉన్న జంతువు

1947 జూలై 6, ఆదివారం

ఇవాళ మా ఇంటికి కుక్క వచ్చింది. తిరుపతిలో, మా వైష్ణవుల వీధిలో, మా అన్నకంటే ముందు కుక్కను తెచ్చుకున్నవాడు ఎవడైనా ఉంటే నేను వినలేదు.

అన్న దేవనాథన్ ఫారెస్టు ఆఫీసులో హెడ్ గుమాస్తా. అతని దొర సీమకు వెళ్లిపోతున్నాడు. కుర్చీలు, పింగాణీ, తుపాకులు అన్నీ అమ్ముకుని, కుక్కను అమ్మడానికి మాత్రం మనసొప్పక, ఎవరైనా పెంచుకుంటారా అని ఆఫీసులో అడిగాడట. దొర నోరు తెరిస్తే "ఎస్ సర్" అనడం అన్నకు ఇన్నేళ్ల అలవాటు. ఆ అలవాటు కొద్దీ అనేశాడు. దేనికి ఒప్పుకున్నాడో ఇంటికొచ్చాక గాని తలకెక్కలేదు. తలకెక్కాక దాన్నే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

కుక్క పేరు మేజర్. గోధుమరంగు, దూడంత ఉంది. రైల్వే స్టేషన్ నుంచి దాన్ని నడిపించుకొచ్చింది మా పనిమనిషి తాయమ్మ. అన్న పది గజాలు ముందు నడిచాడు. కుక్క తగిలితే తలస్నానం చేయాలి, సాయంత్రం కోవెలలో పాశురాలు చదివే గోష్ఠికి పోవాలి కదా.

వదిన పెరుందేవి గుమ్మంలో నిలబడి చూసింది. ఏడవడం ఒక్కటే తక్కువ.

నన్నెవరూ అడగలేదు. పద్నాలుగో ఏట భర్త పోయి అన్న నీడకు చేరినదాన్ని. బోర్డు బాలికల స్కూల్లో టీచరుగా జీతం తెస్తున్నాను కాబట్టి వంటింట్లో కాస్త మాట ఉంది. వీధరుగు దగ్గర ఆ మాటా లేదు.

జూలై 9

కుక్కకు ఏర్పాట్లు జరిగాయి. పెరట్లో పాత పశువుల కొట్టంలో కట్టేస్తారు. సంగటి కెలికి పెట్టేది తాయమ్మ. కడిగేది తాయమ్మ. కట్టేది, విప్పేది తాయమ్మ. దాని ఎంగిలి గిన్నె తాయమ్మ గుడిసెలోనే ఉంటుంది, మా బావి దగ్గరికి రాకూడదు.

మా ఇళ్లలో మగవాళ్లు పనిచేసే ఆడవాళ్లతో నేరుగా మాట్లాడరు. కాబట్టి అన్న వదినకు చెబుతాడు, వదిన తాయమ్మకు చెబుతుంది, తాయమ్మ కుక్కకు చెబుతుంది. కుక్కకు తెలుగు రాదు.

జూలై 13

తాయమ్మకు ఇంగ్లీషు నేర్పాను. కమ్, సిట్, డౌన్, నో. కొట్టం ముందు దూరంగా నిలబడి నేను చెప్పడం, తాయమ్మ అనడం, మేజర్ చేయడం. ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. మా ఫిఫ్త్ క్లాసు పిల్లలకు ఈ నాలుగు ముక్కలు స్పెల్లింగుతో రావడానికి నెల పట్టింది.

బువ్వ పెట్టేది నేనైనా దొరసాని మాదిరి మాట్లాడితేనే ఇంటుండాదమ్మా అని తాయమ్మ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో నేను పైకి నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆగస్టు 15

స్కూల్లో జెండా ఎగరేశాం. పిల్లలకు బొరుగులు, బెల్లం పంచాం. హెడ్‌మిస్ట్రెస్ ఏడ్చింది.

ఆగస్టు 18

పోస్టుమ్యాన్ ఓబయ్య పంచె చించేసింది మేజర్. మడమ మీద పళ్లు దిగి రక్తం కూడా వచ్చింది. అన్న అరుగు మీద కూర్చొని, దొర కుక్క కదా, సర్కారు మనిషిని వాసన పట్టేసింది అని నవ్వాడు. ఎదురింటివాళ్లు నవ్వారు. పాపం ఓబయ్య కూడా నవ్వాడు.

రేపటి నుంచి ఉత్తరాలు వీధి మొగదలనే ఇస్తాడట.

సెప్టెంబర్ 23, మంగళవారం

స్కూలు నుంచి వచ్చేసరికి అరుగు కడుగుతున్నారు. నీళ్లు ఎర్రగా పోతున్నాయి.

మేళం కుప్పయ్యను కరిచింది. నాదస్వరం కుప్పయ్య. అన్న పెద్దకూతురి సీమంతానికి మేళం మాట్లాడదామని అన్నే కబురు పెట్టాడు. కుప్పయ్య కోవెలకు పోతూ పోతూ, సంచిలో నాదస్వరం చంకన పెట్టుకొని వచ్చాడు. ఆ వేళకు రోజూ కుక్కను కాసేపు ముందు వాకిట్లో వదలాలని అన్న ఆజ్ఞ. వదిన లోపలి నుంచి వదలమంది. ఎవురో వస్తా ఉండారమ్మా అని తాయమ్మ చెప్పిందట. అయ్యగారు వదలమన్నారు, వదులు అని వదిన మళ్లీ అంది. తాయమ్మ వదిలింది.

గుడ్డసంచిలో పొడుగ్గా ఉన్నదాన్ని చూసి తుపాకీ అనుకుందో, కర్ర అనుకుందో. ఎగిరి దాని మీద పడింది. కుప్పయ్య వాయిద్యాన్ని వెనక్కి దాచి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి పట్టుకుంది. తాయమ్మ "నో, నో" అని అరుస్తూ దాని నోట్లో తన చెయ్యి దూర్చి, దవడలు విడదీసిందట. తాయమ్మ మణికట్టు కూడా చీరుకుపోయింది. దాన్ని పసుపు పెట్టి కట్టుకుంది. ఎవరూ చూడలేదు.

అన్న ఆ గోలకు లోపలి నుంచి వచ్చి, గుమ్మం దాటకుండా నిలబడి, ఎవరైనా జట్కా పిలవండి అన్నాడట.

నాదస్వరానికి ఏమీ కాలేదు.

సెప్టెంబర్ 26

ఆసుపత్రిలో కుప్పయ్యకు బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడుస్తున్నారు. కుక్కకు పిచ్చి ఉందో లేదో తేలాలంటే పది రోజులు చూడాలట. చస్తే పిచ్చి ఉన్నట్టు. బతికి ఉంటే లేనట్టు.

అందుకని కుప్పయ్య భార్య ఆనందమ్మ పొద్దున్నే వచ్చి మా పెరటి గోడ మీది నుంచి తొంగి చూస్తుంది. కుక్క లేచి మొరుగుతుంది. ఆమె చేతులెత్తి దండం పెట్టి పోతుంది. మొగుడి చెయ్యి నమిలిన కుక్క చల్లగా ఉండాలని ఆ మనిషి మొక్కుకుంటోంది. ఇవాళ నేను పలకరించబోతే తల వంచుకొని వెళ్లిపోయింది.

అక్టోబర్ 4

కుక్క బతికే ఉంది. అన్న ఒక బస్తా బియ్యం, రెండు కొబ్బరికాయలు పంపాడు కుప్పయ్య ఇంటికి. సాయంత్రానికి అవి తిరిగొచ్చాయి. తెచ్చిన బండివాడితో కుప్పయ్య చెప్పి పంపిన మాట ఒకటే. సామి ఒక్కసారి వచ్చి నా చెయ్యి చూడాల, అంతే, ఇంకేం వద్దు.

అన్న పోనన్నాడు. మంగలివీధికి పోయి ఆ ఇంట్లో అడుగుపెట్టి వస్తే మళ్లీ స్నానం. అదీగాక, పోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆఫీసులో ఎవరో ముందే చెప్పారట.

పోతే ఇదంతా ఇక్కడితో ఆగిపోతుంది. కోర్టు కావాలని కుప్పయ్య అనడం లేదు. ఇది నా కుక్క చేసిన పని అని ఒక్క మాట చాలు అతనికి.

అక్టోబర్ 15

కట్లు విప్పారు. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు వంగడం లేదు. వంగవు అని డాక్టరు చెప్పేశాడు. బ్రహ్మోత్సవాలకు కుప్పయ్య బదులు అతని తమ్ముడు వాయిస్తున్నాడు. నేను వినడానికి పోలేదు.

అక్టోబర్ 29

సమన్లు వచ్చాయి. కుప్పయ్య సబ్ మేజిస్ట్రేటు కోర్టులో కేసు వేశాడు. పీనల్ కోడ్ 289. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు హాని కలగకుండా చూసుకోని వాడికి శిక్ష. మొదటి ముద్దాయి దేవనాథన్. పోలీసులు రెండో ముద్దాయిగా తాయమ్మను చేర్చారు, గొలుసు ఆమె చేతిలో ఉంది కాబట్టి.

అన్న ముఖం మాడిపోతుందనుకున్నాను. వకీలు ఇంటి నుంచి వచ్చినప్పుడు ఎప్పటిలాగే ఉన్నాడు. పీట మీద కూర్చొని, చారు కలుపుకుంటూ, మామూలుగా చెప్పాడు.

"ఆ కుక్క నాదెట్లా అవుతుంది? నేనెప్పుడైనా తాకినానా? తాకితే స్నానం చేయాలి గదా. నేను సాయంత్రం రెండోసారి స్నానం చేయడం ఈ ఇంట్లో ఎవురన్నా చూసినారా?"

వదిన చారు గిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. అన్న మజ్జిగ అడిగాడు.

వకీలు కట్టిన కథ ఇది. దొర ఎవరికైనా ఇమ్మని కుక్కను అప్పగించాడు. అన్న తాయమ్మకు ఇచ్చాడు. పేదది, కుక్కను కట్టేయడానికి చోటు లేదని, దయతలచి తన కొట్టం వాడుకోనిచ్చాడు. సంగటికి రాగులు ఇచ్చింది ఆమె కూలి కింద. కోవెలలో గోష్ఠిలో నిలబడే వైష్ణవుడు కుక్కను పెంచాడంటే ఎవరు నమ్ముతారు?

ఎవరూ నమ్మరు. నేనే కళ్లారా చూడకపోతే నమ్మేదాన్ని కాదు.

నవంబర్ 2

కుప్పయ్య తరఫు వకీలు మునిరత్నం నిన్న స్కూలుకు వచ్చాడు. కుర్రవాడు, నల్లకోటు మోచేతుల దగ్గర మాసిక వేసి ఉంది. ఆ ఇంట్లో ఉండి నిజం తెలిసి, కోర్టుకు రాగలిగిన మనిషి మీరొక్కరే అన్నాడు. నిజమే. వదిన గడప దాటదు. ఇంట్లో మిగిలిన పిల్లలు చిన్నవాళ్లు. వీధిలో వాళ్లకు ఏమీ గుర్తుండదు.

ఆ మనిషి పోగానే అన్నకు తెలిసిపోయింది. మా ఊళ్లో కబురు జట్కా కంటే ముందు వస్తుంది. అన్న గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు.

"సాక్షి చెప్పు పద్మా. చెప్పి, ఆ కోర్టు వరండాలోనే పక్క పరుచుకో. ఈడికి రావద్దు."

నవంబర్ 3

భయంగా ఉంది. ముప్పై నాలుగేళ్లు నాకు. ఈ ఇల్లు కాక నాకు ఎక్కడా ఒక మూల లేదు. ఒంటరి ముండకు ఈ ఊళ్లో ఎవడు ఇల్లు అద్దెకిస్తాడు?

నవంబర్ 4

చెబుతాను.

నవంబర్ 18

రేపు కోర్టు. ఆ రోజు కుక్కను వదలమని నీకు చెప్పింది అన్నే కదా అని వదినను అడిగాను. అప్పడాల పిండి పిసుకుతోంది. తల ఎత్తలేదు. "నన్నడగొద్దు పద్మా" అంది. కళ్లనీళ్లు పిండిలో పడకుండా ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె మీద కోపం రాలేదు. రావాలి, రాలేదు.

నవంబర్ 19, బుధవారం

వరసగా రాస్తాను. రాయకపోతే తల పగిలిపోయేట్టుంది.

ముందు కుప్పయ్య చెప్పాడు. మేజిస్ట్రేటు చెయ్యి చూపించమంటే చూపించాడు. పిడికిలి ముయ్యమంటే మూశాడు. రెండు వేళ్లు నిలబడే ఉన్నాయి. అన్న గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత నన్ను పిలిచారు. ప్రమాణం చేశాను. కుక్క ఎవరిదని మునిరత్నం అడిగాడు. మా అన్న దేవనాథన్‌ది, దొర దగ్గర ఆయనే తెచ్చుకున్నాడు అని చెప్పాను. గొంతు వణకలేదు. పోస్టుమ్యాన్ సంగతి చెప్పాను, అన్న నవ్విన సంగతి చెప్పాను. వెనక జనంలో గుసగుసలు. అంతా అయిపోయింది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని.

అన్న వకీలు లేచాడు. ముసలాయన, మెత్తగా, అమ్మా అని సంబోధిస్తూ అడిగాడు. మీ అన్నగారు కుక్కను తాకగా ఎప్పుడైనా చూశారా? లేదు. తిండి పెట్టగా? లేదు. గొలుసు పట్టుకోగా? లేదు. పేరు పెట్టి పిలవగా? లేదు. స్టేషన్ నుంచి ఎవరు నడిపించుకొచ్చారు? తాయమ్మ. దాని గిన్నె ఎవరింట్లో ఉంటుంది? తాయమ్మ ఇంట్లో. కుక్క విషయంగా మీ అన్నగారు తాయమ్మకు ఒక్క మాట చెప్పగా మీరు విన్నారా?

లేదు, ఎందుకంటే మా ఇళ్లలో మగవాళ్లు, అని మొదలుపెట్టాను. అడిగినంత వరకే చెప్పండమ్మా అన్నాడు.

లేదు అన్నాను.

మరి ఆయన నవ్వాడు కాబట్టి కుక్క ఆయనది అంటారా, ఆ రోజు వీధిలో అందరూ నవ్వారు కదా, కుక్క అందరిదీనా అని అడిగాడు. మేజిస్ట్రేటు కూడా నవ్వాడు.

ఒక్క అబద్ధం చెప్పించలేదు నా చేత. ప్రతి జవాబూ నిజం. చెబుతున్న కొద్దీ అవి తాయమ్మ మెడకు చుట్టుకోవడం నాకు కనిపిస్తోంది, ఆపుకోలేకపోతున్నాను. మడి పేరుతో అన్న తాకని ప్రతి పనీ తాయమ్మ చేసింది. చేసినవాళ్లదే కుక్క.

అంతటితో అయిందా, కాలేదు. కుక్కను బందెలదొడ్డి నుంచి తెప్పించారు. కేసు మొదలైనప్పటి నుంచి అక్కడే ఉంచారు దాన్ని, తప్పిపోయిన ఎనుములతో పాటు. చిక్కిపోయింది. అందరం కోర్టు ఆవరణలోకి వచ్చాం. మేజిస్ట్రేటు మెట్ల మీదే నిలబడ్డాడు, పంచె కాస్త పైకి పట్టుకొని. నుదుట గోపీచందనం. ఇంటికి పోయి స్నానం చేయాల్సిన మనిషే ఆయన కూడా.

పిలవమంటే అన్న దూరం నుంచి మేజర్, మేజర్ అన్నాడు. అది చెవి కూడా కదపలేదు. అన్న గొంతు దానికి తెలిస్తే కదా. తాయమ్మను చూసేసరికి మాత్రం కానిస్టేబుల్‌ను ఈడ్చుకుంటూ వచ్చి ఆమె కాళ్ల మీద తల పెట్టి మూలిగింది. తాయమ్మ కూడా మనిషే కదా, వంగి దాని చెవులు నిమిరింది. అదీ రాసుకున్నారు.

దాన్ని కూర్చోమని చెప్పమన్నాడు వకీలు. తాయమ్మ నోరు విప్పలేదు. గట్టిగా మళ్లీ అన్నాడు. కోర్టు, పోలీసులు, ఇంతమంది. భయపడి "సిట్" అంది.

కూర్చుంది.

ఈ మాట నీకెవరు నేర్పారని మేజిస్ట్రేటు అడిగాడు. తాయమ్మ నా వైపు చూసింది. నేర్పింది నేనే అని గట్టిగా చెప్పాను. చెల్లెలు గారికి చదువు మీద ఆసక్తి అని వకీలు నవ్వాడు.

ఇంటికి వచ్చి నా పెట్టె సర్దుకుంటున్నాను. అన్న ఇంకా రాలేదు.

నవంబర్ 20

అన్న నన్ను వెళ్లగొట్టలేదు. పొద్దున అరుగు మీద నలుగురికీ చెబుతున్నాడు. మా పద్మ కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అబద్ధం ఎరగని పిల్ల అని. వదినతో చెప్పి నాకు పాయసం చేయించాడు.

వెళ్లగొట్టినా బాగుండేది. పాయసం బావి దగ్గర పారబోశాను.

డిసెంబర్ 4

తీర్పు. మొదటి ముద్దాయి మీద కేసు కొట్టేశారు. కుక్క రెండో ముద్దాయి స్వాధీనంలో ఉన్నట్టు, దాని యజమాని ఆమే అయినట్టు రుజువైందట. తాయమ్మకు జరిమానా, కట్టకపోతే నెల రోజులు జైలు. కట్టడానికి రెండు వారాల గడువు. జరిమానాలో సగం కుప్పయ్యకు ఇవ్వాలి. కుక్కను యజమానురాలికి అప్పగించాలి.

కోర్టు వరండాలో మునిరత్నం కాగితాలు సర్దుకుంటూ అప్పీలు గురించి ఏదో అంటున్నాడు. కుప్పయ్య వినలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను తల ఎత్తలేకపోయాను.

"నేను ఈ యమ్మ మీద కేసు ఎయ్యలేదమ్మా. ఆ కుక్క నోట్లో సెయ్యి పెట్టి నా సెయ్యి ఎనక్కి తెచ్చింది ఈ యమ్మే. కుక్క నాది అని ఒక మగోడు ఒప్పుకోవాలని కోర్టుకు వచ్చినా. దానికి ఈమెకా శిచ్చ?"

సగం జరిమానా నాకొద్దని రాసివ్వమని వకీలును అడుగుతున్నాడు. సంతకం ఎడమచేత్తో పెట్టాల్సి వచ్చింది.

తాయమ్మ గొలుసు అందుకొని, కుక్కను నడిపించుకుంటూ, మా ఇంటి వైపు కాకుండా తన గుడిసె వైపు పోయింది.

డిసెంబర్ 7

జరిమానా తాను కట్టి నెలనెలా కూలిలో పట్టుకుంటానని అన్న దయ చూపించాడు. వదిన ద్వారానే. కుక్కను ఎప్పటిలాగా కొట్టంలో కట్టేయమన్నాడు. కోర్టు గొడవ అయిపోయింది కదా, ఇక అంతా మామూలే అనుకుంటున్నాడు.

తాయమ్మ పనిలోకి రావడం లేదు. పెరడు నేనే ఊడుస్తున్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

తాయమ్మ కుక్కను అమ్మేసింది!

గూడూరు మైకా గనుల మేనేజరు ఒకాయన దర్శనానికి వచ్చి సత్రంలో దిగాడు. మైకా షెడ్డులో దొంగతనాలట, పెద్ద కుక్క కావాలన్నాడు. తాయమ్మ తాడు కట్టి తీసుకుపోయి చూపించింది. కమ్, సిట్, డౌన్ అన్నీ చేయించిందట. ఆయన ముచ్చటపడి తీసుకున్నాడు. మనుషుల్ని కరుస్తాదని ముందే చెప్పి మరీ అమ్మింది. కరిచేదే కావాలి అన్నాడట. తాయమ్మ ఆ డబ్బుతో నిన్ననే నేరుగా కోర్టుకు పోయి జరిమానా కట్టి వచ్చింది.

అన్నకు ఈ సంగతి కోవెల నుంచి వస్తుంటే వీధిలో తెలిసింది. నుదుట తిరునామం, భుజాన ఉత్తరీయం, అలాగే వీధి మధ్యలో నిలబడి అరిచాడు. జన్మలో మొదటిసారి అన్న గొంతు పెంచడం విన్నాను.

"నా కుక్కను అమ్మడానికి అదెవత్తి?"

వీధి వీధంతా బయటికి వచ్చింది. నేను మిద్దె మీద నుంచి విన్నాను. కడుపారా విన్నాను. నవ్వుతున్నాననుకున్నాను గాని, చూసుకుంటే కళ్లు తడిసి ఉన్నాయి.

వకీలు పరుగున వచ్చి అన్నను లోపలికి లాక్కుపోయాడు.

డిసెంబర్ 15

ఆ కుక్క గూడూరులో ఎవరినో కరుస్తుంది. దాని గొలుసు పట్టేది కూడా కూలిమనిషే అయి ఉంటుంది. నిన్న ఇది తోచలేదు.

డిసెంబర్ 17

కుక్క నాది అని కంప్లయింటు ఇస్తే తీర్పు అన్న మెడకే వస్తుంది. వకీలుకు ఆ మాత్రం తెలుసు. అందుకని కుక్క పేరు ఎత్తలేదు. గొలుసు పోయిందని కంప్లయింటు ఇప్పించాడు.

ఇనుప గొలుసు, తోలు పట్టీ. తన కొట్టంలోంచి తాయమ్మ ఎత్తుకుపోయిందట. కోర్టు వరండాలో కుక్కతో పాటే అది ఆమె చేతికి వచ్చిన సంగతి ఎవరికీ గుర్తులేదు. దొర తనకిచ్చిన వస్తువట. అంటే దొర కుక్కనేమో తాయమ్మకు, గొలుసునేమో అన్నకు ఇచ్చాడన్న మాట. ఆ కుక్కకు తాడు కట్టి అమ్మింది కదా, గొలుసు తాయమ్మ గుడిసెలోనే ఉంది. మేకను కట్టేసుకుందట దాంతో. పోలీసులు గుడిసె సోదా చేసి గొలుసు పట్టుకున్నారు, తాయమ్మను స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

జరిమానా ఒకటైతే కట్టి బయటపడింది. ఇది దొంగతనం. దొంగ అన్న పేరు పడితే ఈ ఊళ్లో ఏ ఇంటి పెరట్లోకీ మళ్లీ రానివ్వరు. అన్నకు గొలుసు ఎందుకు? అక్కర్లేదు. వీధిలో తన నోట ఆ మాట వచ్చినందుకు ఎవరో ఒకరు అనుభవించాలి.

డిసెంబర్ 18, గురువారం

స్కూలుకు పోలేదు. స్టేషన్‌కు పోయాను. ఆడది, అందులోనూ నాలాంటిది, ఒంటరిగా పోలీసు స్టేషన్ మెట్లెక్కితే వీధిలో వాళ్లు ఏమనుకుంటారో దారంతా అనుకుంటూనే పోయాను. తాయమ్మ వరండాలో గోడకు ఆనుకొని కూర్చుంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. తిప్పుకోదా మరి. కిందటిసారి నేను నోరు విప్పినప్పుడు ఏమైందో మరిచిపోతుందా?

అన్న, వకీలు లోపల కుర్చీల్లో ఉన్నారు. బల్ల మీద గొలుసు ఉంది. పట్టీకి ఇంకా కుక్క వెంట్రుకలు అంటుకొని ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు కొత్తగా వచ్చిన మనిషి. సరుకు మీదే అయితే చేతిలోకి తీసుకొని, గుర్తు ఏదైనా ఉంటే చూపించండి, రాసుకుంటాను అని అన్నతో అన్నాడు. అన్న గొలుసు వైపు చూశాడు. చెయ్యి కాస్త లేచింది. మళ్లీ ఒళ్లోకి పోయింది. ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, నాదే అన్నాడు. పట్టుకొని చూడండి సామీ అని ఇన్‌స్పెక్టరు మళ్లీ అన్నాడు. ఇవాళ ఏకాదశి అని వకీలు అందుకున్నాడు. ఏకాదశి కాదు.

నేను పోయి గొలుసు తీశాను. బరువుగా ఉంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఉన్నా నేనూ దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ సంగతి అప్పుడే తెలిసింది నాకు.

"ఇది నాది. దొర ఇచ్చింది తెగిపోతే నా జీతంలో కొన్నాను. తాయమ్మకు నేనే ఇచ్చినాను."

ఒక్క ముక్క నిజం లేదు అందులో. గొంతు కోర్టులో కంటే గట్టిగా ఉంది. ఇన్‌స్పెక్టరు అన్నను చూశాడు. చెల్లెలు అబద్ధం ఎరగని పిల్ల అని వీధంతా చాటింది అన్నే. ఇప్పుడు కాదనాలి. లేదా ఊరుకోవాలి. ఊరుకున్నాడు. వకీలు ఏదో అనబోతే ఇన్‌స్పెక్టరు ప్యాడు మూసేసి, తాయమ్మను పొమ్మన్నాడు.

బయటికి వచ్చాక గొలుసు తాయమ్మ చేతికి ఇచ్చాను. "మేకకు మాత్రం కడతానమ్మా" అని తీసుకుంది.

అన్న నా పక్కనుంచే పోయాడు, పది గజాలు ముందుకు.

డిసెంబర్ 19

అన్న ఇల్లు వదిలి, పెట్టెతో వచ్చి మా స్కూలు వసంతమ్మ టీచరు ఇంట్లో ఉన్నాను. గొలుసు పట్టుకున్నప్పటి నుంచి స్నానం చేయలేదు. ఇప్పుడే అన్నం తిన్నాను.